కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ కిట్ కొంటున్నారా? కొత్త కారైతే ఆగండి

"12 వోల్టుల కార్లన్నిటికీ సరిపోతుంది" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారే, కాలితో నొక్కే హెడ్‌లైట్ డిప్పర్ స్విచ్ కిట్, దయచేసి కొనకండి. అది తగిలించాక మా కారుకి చీకట్లో, నడిరోడ్డు మీద రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. వెనక లారీ లేదు కాబట్టి సరిపోయింది.

మా నాన్నగారికి వేళ్ళ కీళ్ళ నొప్పులు, స్టీరింగ్ పక్కన లివర్ మాటిమాటికీ లాగలేరు. పాత కార్లలో క్లచ్ పక్కన నేల మీద గుండీలాంటి స్విచ్ ఉండేది కదా, ఎడమ కాలితో తొక్కితే హై బీమ్, మళ్ళీ తొక్కితే లో బీమ్, అలాంటిది పెట్టించమన్నారు, కారు ఆటోమేటిక్ కాబట్టి ఆ కాలు ఎలాగూ ఖాళీనే.

కిట్‌లో వచ్చింది అచ్చం ఆ పాత స్విచ్చే. మూడు టెర్మినల్స్, ఒకదాంట్లోకి కరెంటు వస్తుంది, మిగతా రెండూ లో కి, హై కి పోతాయి. పాత కార్లలో బల్బుల కరెంటంతా ఈ స్విచ్ లోంచే పోయేది, అక్కడికది కరెక్టే. ఇప్పటి చాలా కార్లలో అలా కాదు, లివర్ చిన్న సిగ్నల్ ఇస్తుందంతే, దాన్నిబట్టి లైట్లు వేసేది బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే కారులో లైట్లలాంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్, మా కారులో కుడికీ ఎడమకీ లైన్లు కూడా వేరే. కిట్‌తో ఇచ్చిన కాగితంలో మాత్రం హెడ్‌లైట్ వైర్లు కట్ చేసి రెండు వైపులవీ కలిపి స్విచ్‌కి ఇవ్వమని ఉంది, ఎలక్ట్రీషియన్ అలాగే చేశాడు. హెచ్4 బల్బు (లో, హై రెండూ ఒకే బల్బులో ఉండేది) లో బీమ్ 55 వాట్లు, హై బీమ్ 60, రెండు వైపులా కలిస్తే హై లో 120 వాట్లు, అంటే సుమారు 10 ఆంపియర్లు. ఒక్క బల్బుకని పెట్టిన లైన్ మీద ఇంత లోడ్ పడితే మాడ్యూల్ కాసేపు చూసి ఆపేసింది, ఆపకపోతే వైరే కాలిపోయేదేమో.

ఇంకోటి, ఇది అసలు ఎవరూ చెప్పరు. కాలితో హై బీమ్ వేస్తే మీటర్‌లో నీలం లైట్ వెలగదు, ఎందుకంటే మాడ్యూల్ లెక్కలో అది లో బీమే. ఎదురొచ్చేవాడి కళ్ళల్లో కొడుతూ పోతున్నా మనకి తెలీదు.

సర్వీస్ సెంటర్‌లో కట్ చేసిన వైర్లు చూడగానే ఆ పార్టుకి వారంటీ వర్తించదన్నారు. అమ్మినవాడైతే ఫిట్ చేసిన వస్తువు వెనక్కి తీసుకోం అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు, వాడి పేజీలో అదే లైన్ ఇంకా ఉంది, అన్ని కార్లకీ సరిపోతుందట!

ఎల్ఈడీ హెడ్‌లైట్లున్న కార్లయితే ఈ కిట్ మాటే ఎత్తొద్దు, వాటికి ఎల్ఈడీలకి తగ్గట్టు కరెంటు ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ వేరే ఉంటుంది.

కాలి స్విచ్ నిజంగా అవసరమైనవాళ్ళు, అంటే చేతులు సహకరించనివాళ్ళు, అలాంటి కార్లు మార్చి ఇచ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. స్విచ్ తొక్కినంతసేపే కలిసేదా, తొక్కితే అలాగే ఉండిపోయేదా అడగండి. బల్బు వైరు కట్ చేస్తారా, లేక లివర్ సిగ్నల్ మాత్రమే తీసుకుంటారా అదీ అడగండి, బల్బు వైరు అన్నారంటే వచ్చేయండి. నేలకి స్క్రూ కొడతానంటే కార్పెట్ ఎత్తి చూడకుండా కొట్టనివ్వొద్దు, కింద వైరింగ్ పోతుంది, పసుపు కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు) కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి బ్యాటరీయే అక్కడ ఉంటుంది.

ఇప్పటికే తగిలించేసి ఉంటే రాత్రి బండి తీయకముందు గోడకి ఎదురుగా ఆపి కాలితో హై బీమ్ వేసి చూడండి, గోడ మీద వెలుగు పైకి లేచినా మీటర్‌లో నీలం లైట్ రాకపోతే మీదీ మాలాంటి కనెక్షనే, ముందు అది పీకించేయండి.