బరంపురంలో నా పోర్ట్‌ఫోలియో అచ్చువేసిన దుకాణం

వస్త్ర డిజైన్ ఉద్యోగం కోసం ఒడిశాలోని బరంపురం పాత బస్టాండు దగ్గరున్న ఈ డీటీపీ దుకాణంలో పోర్ట్‌ఫోలియో చేయించుకున్నాను. 40 డిజైన్లు పట్టుకెళితే, యజమాని అన్నీ బల్ల మీద పరిచి, "అమ్మా, బాగున్నవి పది చాలు, మిగతావి వాటిని కప్పేస్తాయి" అన్నారు. ఎంత నిజం! ఫోడా అంచు (గుడి గోపురాల వరసలా నేసే అంచు) పట్టుచీరకు మాత్రం పెన్సిల్ గీత, గళ్ల కాగితం, నేసిన అంచు ఫోటో వరసగా పెట్టించారు. నా ఆలోచన ఎలా నడిచిందో ఆ ఒక్క పేజీ చెబుతుంది. నేసినవారి పేరు కింద వేయమన్నాను, వేశారు. మొదటి ప్రతిలో ఎర్రపట్టు ఇటుక రంగులోకి తిరిగింది. చూపించగానే దళసరి కాగితం మీద మళ్లీ తీశారు, అదనంగా అడగలేదు. 12 పేజీలకు 600 రూపాయలు, పీడీఎఫ్‌తో కలిపి. తెలుగు చక్కగా మాట్లాడతారు.