ఎత్తు పెంచిన జిప్సీకి హ్యాండ్‌బ్రేక్ మరమ్మతు: ఆటోనగర్ షెడ్డు పనితనం

సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన మారుతీ జిప్సీకి హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా పనిచేసేలా చేసిపెట్టేవారు చాలా తక్కువ. ఎక్కువ చోట్ల లివర్ దగ్గర హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను లాగి ఉంచే నట్టును బిగించి, చదునైన నేల మీద బండి కదలడం లేదని చూపించి పంపించేస్తారు. మా బండికి అంతకుముందు వేరొక చోట జరిగిన పని కూడా అదే. ఫలితంగా మారేడుమిల్లి ఘాట్‌లో వెనుక డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ గిన్నెలు) చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. ఆ తర్వాత లివర్ పూర్తిగా లాగినా బండి వాలులో మెల్లగా జారిపోయేది.

విజయవాడ ఆటోనగర్‌లో ఎక్కువగా పాత జీపులు, జిప్సీలు చూసే ఒక చిన్న షెడ్డుకు బండిని అప్పగించాము. అక్కడి మేస్త్రి నట్టు జోలికే పోలేదు. "కేబుల్ సంగతి తర్వాత సార్, ముందు డ్రమ్ములు ఊడదీయాలి" అని పని మొదలుపెట్టారు. డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేక్ షూల లైనింగు (పైనున్న రాపిడి పొర) వేడికి మాడి అద్దంలా మెరుస్తోంది. కుడివైపు యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఆయిల్ సీలు కారడంతో అటువైపు షూలకు నూనె పట్టింది. పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించే అలవాటు చాలామందికి ఉంది, కానీ నూనె పీల్చిన లైనింగు కడిగినా నమ్మదగినది కాదు. ఈయన సీలు మార్చి, రెండువైపులా కొత్త షూలు వేసి, అవి డ్రమ్ముకు లేశంగా తగిలేలా సర్దిన తర్వాతే కేబుళ్ల వైపు చూశారు. వరుస ఇదే కావాలి. షూల దగ్గర ఉన్న ఖాళీని కేబుల్‌తో పూడ్చితే బ్రేక్ ఎప్పుడూ కొంత పట్టే ఉంటుంది.

ఎత్తు పెంచిన బండికి ఉండే అసలు చిక్కును ఆయన చూపించిన తీరు నన్ను బాగా ఆకట్టుకుంది. ఛాసిస్ కింద జాకీలు పెట్టి వెనుక చక్రాలను గాలిలో వేలాడదీశారు. పొడవైన షాకిల్స్ (స్ప్రింగు పట్టీల చివరను ఛాసిస్‌కు కలిపే కీళ్లు) వల్ల యాక్సిల్ బాగా కిందికి దిగగానే కేబుల్ బిగుసుకుపోయి, లివర్ వదిలేసి ఉన్నా చక్రం చేత్తో తిప్పితే తిరగలేదు. దారిలో ప్రతి గుంతలోనూ బ్రేక్ తనంతట తానే పడుతోందన్న మాట. కేబుల్ గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపుల స్థానం మార్చి, కొంచెం పొడవైన కేబుళ్లు తయారు చేయించి, చక్రాలు వేలాడుతున్నప్పుడూ నేల మీద ఆనినప్పుడూ స్వేచ్ఛగా తిరిగేలా చేశారు.

టైర్ల విషయం కూడా ఆయనే ఎత్తారు. 205/70 ఆర్15 స్థానంలో 235/75 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్ల నుంచి 733కు పెరుగుతుంది; డ్రమ్ము మాత్రం పాతదే కాబట్టి అదే లాగుడుకు బండిని ఆపే బలం దాదాపు 9 శాతం తగ్గుతుంది. అందుకే నిటారు వాలు మీద ముందుకూ వెనక్కూ తిప్పి నిలబెట్టి చూసిన తర్వాతే తాళాలు చేతికిచ్చారు. ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ గేరులో వేసి ఉంచినా బండి ఆగదని, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే దిక్కని హెచ్చరించారు కూడా. ఆఫ్‌రోడ్‌కు వెళ్లే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి.

లోపాలు లేకపోలేదు. చెప్పిన రోజుకు బండి అందలేదు, ఆలస్యమవుతుందని ముందుగా ఫోను కూడా రాలేదు. బిల్లులో షూలు, సీలు విడిగా రాసినా, కేబుళ్ల తయారీని, కూలిని ఒకే మొత్తంగా వేశారు. అడిగిన తర్వాతే విడదీసి చెప్పారు. వెనుక చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించుకున్నవారికి వీరు ప్రొపెల్లర్ షాఫ్టు (వెనుక యాక్సిల్‌ను తిప్పే పొడవాటి కడ్డీ) మీద పనిచేసే పార్కింగ్ బ్రేక్ అమరుస్తారు. అయితే ఒక వెనుక చక్రం గాలిలోకి లేస్తే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్ ద్వారా ఆ పట్టు జారిపోతుంది కనుక, రాళ్ల దారుల్లో తిరిగేవారు ఆ మార్పుకు ముందు బాగా ఆలోచించుకోవాలి. డ్రమ్ములు ఉన్న బండికి మాత్రం ఈ షెడ్డును నిస్సంకోచంగా సూచిస్తాను. పని పూర్తయ్యాక చక్రాలు వేలాడదీసి మీ చేత్తోనే తిప్పి చూడండి. అడిగితే వారు విసుక్కోకుండా చూపిస్తారు.