సత్యనారాయణపురంలో మా పాత ఇల్లు: కెనడా నుంచి విజయవాడకు

చిన్ననాటి ఇల్లు చూడటానికి విజయవాడ వెళ్లే ప్రవాసులకు నేను ముందుగా చెప్పేది బస గురించే. హైవే పక్కన పెద్ద హోటళ్లు సౌకర్యంగానే ఉంటాయి, కానీ అక్కడ దిగితే ఊరు కనిపించదు. మీరు పెరిగిన పేటకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో గది తీసుకోండి. నేను పదో తరగతి దాకా సత్యనారాయణపురంలో పెరిగాను. నాన్నగారు పోయాక ఇల్లు అమ్మేశాం. తర్వాత కెనడాలో స్థిరపడ్డాను, పౌరసత్వమూ అక్కడిదే. రెండు దశాబ్దాలు దాటాక ఈ శీతాకాలం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

గన్నవరం విమానాశ్రయం ఊరికి ఇరవై కిలోమీటర్లే. అయినా మేం శంషాబాద్‌లో దిగి, సికింద్రాబాద్ నుంచి వందే భారత్ ఎక్కాం. నాలుగు గంటల ప్రయాణం, సీట్లు బాగున్నాయి, భోజనం మాత్రం సాదాసీదా. చిన్నప్పుడు కొండపల్లి దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించగానే సామాను దించమని నాన్నగారు తొందరపెట్టేవారు. ఇప్పుడు చీకట్లో వాటి మీది ఎర్ర దీపాలు చూసి నేనూ లేచి నిలబడ్డాను.

మొదట బుక్ చేసుకున్న హోటల్లో మా పాస్‌పోర్టులు చూసి గది ఇవ్వలేమన్నారు. డబ్బు ముందే కట్టాం, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డులు చూపించాం, అయినా వినలేదు. విదేశీ అతిథి దిగితే హోటల్ వాళ్లు 24 గంటల్లోగా అతిథి వివరాల ఫారం (అందరూ ఫారం-సి అనేది) నింపి ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ ఏర్పాటు లేనివాళ్లు బుకింగ్ తీసుకునేటప్పుడే చెప్పాలి కదా! రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్లతో రోడ్డు మీద నిలబెట్టడం ఏ రకంగానూ న్యాయం కాదు. బయలుదేరే ముందే ఫోన్ చేసి, ఫారం-సి నింపుతారా అని అడగండి.

గాంధీనగర్‌లో దొరికిన రెండో హోటల్ పాతది, గదులు చిన్నవి, రాత్రి పదకొండు దాకా వాహనాల రొద. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున వేడినీళ్లు వచ్చాయి, కాగితాల పని పది నిమిషాల్లో అయిపోయింది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చూసి కౌంటర్లో ఉన్న పెద్దాయన, “మన ఊరి అమ్మాయివే కదమ్మా, అయినా రాయక తప్పదు” అన్నారు. ఆ ఒక్క మాటకు అలసట సగం పోయింది. విదేశీ కార్డులు బండ్ల దగ్గర, ఆటోల్లో పనికిరావు. ఫోనులో యూపీఐ లేనివాళ్లు చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని, సత్యనారాయణపురానికి నడిచాం. మా చిన్నప్పుడు పేట మధ్యలోంచి రైలు పట్టాలు ఉండేవి. గేటు పడితే బడికి ఆలస్యమయ్యేది. ఆ పట్టాలు తీసేసి, అదే దారిలో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. రోడ్డు విశాలంగా, నడవడానికి హాయిగా ఉంది. అయినా మా వీధి మలుపు పోల్చుకోలేక పాలబూత్ అతన్ని అడగాల్సి వచ్చింది, ఎందుకంటే నా గుర్తులన్నీ పట్టాలకు ఇటువైపు, అటువైపు అనే లెక్కలోనే ఉన్నాయి.

పక్కింటివారి ద్వారా ముందే కబురు పెట్టడం మంచిదైంది. ఇప్పటి యజమానురాలు డెబ్బై దాటిన పెద్దావిడ. “మాస్టారి అమ్మాయివా? రామ్మా, కూర్చో” అంటూ తలుపు తీశారు. ముందుగది గచ్చు తీసి టైల్స్ పరిచారు. బావి పూడ్చేసి మోటారు పెట్టుకున్నారు. పెరట్లో మాత్రం నేలలో పాతిన రుబ్బురోలు అలాగే ఉంది. పొత్రం నున్నగా అరిగిపోయి ఒక పక్కకు ఒరిగి ఉంది. రోలు అంచున ఒకచోట పెచ్చు లేచిన గుంట ఉంటుంది. అమ్మ పిండి తోసేటప్పుడు వేళ్లు సరిగ్గా అక్కడే ఆనించేది. మా అమ్మాయి అక్కడ చేయి పెట్టి చూసింది. “మా కోడలు తీసేయమంటోంది, నేనున్నన్నాళ్లూ ఉండనిమ్మన్నాను” అన్నారావిడ. ఇల్లు డెవలప్‌మెంటుకు ఇస్తున్నారట, వచ్చే వేసవిలో పడగొడతారట. ఎవరి ఇంటికైనా ఇలా వెళ్తే సాయంత్రం కాఫీ వేళకు, పళ్లు తీసుకుని వెళ్లండి. అడగకుండా ఫోటోలు తీయకండి.

సింగ్‌నగర్‌లో పిన్ని ఇంటి గోడ మీద 2024 సెప్టెంబరు బుడమేరు వరద చార ఇంకా ఉంది, నా భుజం ఎత్తున. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది, అంత వరద అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొన్నాయి. పిన్ని వాళ్లు మేడ మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూసిన సంగతి చెబుతుంటే, మేం దూరాన టీవీలో చూసింది ఎంత తక్కువో అర్థమైంది.

బ్యారేజీ మీద సాయంత్రం నడక తప్పనిసరి. 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన కట్టడం, 70 గేట్లు. అవతల ఉండవల్లి గుహల్లో ఒకే రాతిలో తొలిచిన అనంతపద్మనాభస్వామిని చూడటానికి పొద్దున్నే వెళ్లాలి, పదయ్యాక మెట్లు కాలిపోతాయి. ఓసీఐ కార్డు చూపిస్తే భారతీయుల టిక్కెట్టే ఇస్తారు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం భవనం 1887 నాటిది, గంటలో చూసేయవచ్చు. దుర్గమ్మ దర్శనానికి దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, చిన్నపిల్లలతో వెళ్లవద్దని నా సలహా. మామూలు రోజున తెల్లవారుజామున వెళ్తే ప్రశాంతంగా అవుతుంది. పుస్తకాలు ఇష్టమైనవాళ్లు జనవరి మొదట్లో వస్తే పుస్తక మహోత్సవం దొరుకుతుంది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఎప్పుడూ ఉండేవే.

మా తమ్ముడు పిల్లల సెలవులు చూసుకుని మే నెలలో వస్తానన్నాడు. ఎండలు కొన్నేళ్లు 45 డిగ్రీలు కూడా దాటే నెల, పైగా అప్పటికి ఇల్లు ఉంటుందో ఉండదో. సంక్రాంతికే టిక్కెట్లు తీసుకోమని చెప్పి, గాంధీనగర్ హోటల్ నంబరు పంపించాను. రోలు తనకిమ్మని పెద్దావిడను అడుగుతాడట. అడగమన్నాను.