కుడి చెయ్యి ఇచ్చి వచ్చాను: మణికట్టు నుంచి మెదడుకి కాయిలింగ్

మాది తెనాలి. ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. మొన్న జులైలో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మెదడు రక్తనాళం మీద ఉబ్బుకి కాయిలింగ్ చేయించుకున్నాను, అంటే రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి ఉబ్బుని తీగ చుట్టలతో నింపడం. కత్తెర పట్టే కుడి చేతి మణికట్టు నుంచే చేశారు. హాస్పిటల్ పేరు రాయను, కింద కొన్ని తిట్లు ఉన్నాయి.

మా అక్కదీ ఇదే జబ్బు. 2016లో ఉబ్బు పగిలాక తెలిసింది. ప్రాణం దక్కడమే గొప్ప. ఆమెకి తొడ మొదట్లోంచి గొట్టం వేశారు. ఆ తర్వాత గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. బెడ్‌పాన్ సంగతి తలుచుకుని ఇప్పటికీ సిగ్గుపడుతుంది. తొడంతా నల్లగా కమిలిపోయింది. తోబుట్టువులు కూడా ఒకసారి చూపించుకోండి అని అప్పుడే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. ఈ ఏడాది తలనొప్పులకు ఎంఆర్ఐ తీయిస్తే 7 మిల్లీమీటర్ల ఉబ్బు బయటపడింది.

"మణికట్టు నుంచి చేద్దామమ్మా, సాయంత్రానికి లేచి కూర్చుంటారు" అని డాక్టర్ గారు అనగానే ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎడమ చెయ్యి కుదరదా సార్ అని అడిగాను. ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. మెడ వెనక నుంచి మెదడుకి రెండు నాళాలు వెళ్తాయట. ఏ వైపుది ఆ వైపు చేతికొచ్చే నాళంలోంచే చీలుతుంది. నాకు ఎడమది పుట్టుకతోనే సన్నం. గొట్టం అందులోంచి పోనివ్వడం కష్టం, అందుకని కుడి.

చేతి నాళం మూసుకుపోతేనో? కొద్దిమందికి మూసుకుపోతుందని దాచకుండా చెప్పారు. చిటికెన వేలి వైపు ఇంకో నాళం ఉంటుంది, చేతికి రక్తం దాన్నుంచి అందుతుంది అన్నారు. అంతటితో వదల్లేదు. నా బొటనవేలికి క్లిప్పు పెట్టి, నాడి గట్టిగా నొక్కిపట్టి, మానిటర్‌లో గీత ఎగరడం చూపించారు. అది చూశాకే సంతకం పెట్టాను. నాళం మరీ సన్నంగా ఉన్నవాళ్లకి, డయాలసిస్ అవసరం పడేవాళ్లకి సాధారణంగా ఈ దారి ఎంచుకోరట. నాకు కూడా ఎందుకైనా మంచిదని తొడ దగ్గర శుభ్రం చేసి ఉంచారు. 1989లో కెనడాలో లూసియన్ కాంపో అనే డాక్టర్ గుండె యాంజియోగ్రామ్‌కి మణికట్టు వాడాడని మా అబ్బాయి ఫోన్‌లో చూసి ధైర్యం చెప్పాడు.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, మత్తులో ఉన్నాను. ఉబ్బు లోపల సన్నటి ప్లాటినం తీగ చుట్టలు నింపారు. కళ్లు తెరిచేసరికి మణికట్టుకి గాజులాంటి ప్లాస్టిక్ బ్యాండ్, దాన్నిండా గాలి. సిస్టర్ సిరంజితో కాస్త కాస్త తీసేది. ఒకసారి తొందరపడితే రక్తం ఉబికింది, మళ్ళీ గాలి ఎక్కించింది. రాత్రికి మా ఆయన చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌కి నడిచాను. అక్క వీడియో కాల్‌లో చూసి "నీ పనే నయమే" అంది.

ఇక తిట్లు. ఎస్టిమేట్‌లో కాయిల్స్ ఎన్ని పడతాయో రాయలేదు. ఒక్కో కాయిల్‌కి విడిగా బిల్లు వేస్తారని డిశ్చార్జి రోజున తెలిసింది. ప్లాటినం అన్నప్పుడే అనుమానించాల్సింది. ఇంకోటి, చేతికిచ్చిన కాగితంలో "తొడ దగ్గర గాయం తడవనివ్వకండి" అని ఉంది! చేతి గురించి ఒక్క ముక్క లేదు. బరువు ఎన్ని రోజులు ఎత్తకూడదో, కత్తెర ఎప్పుడు పట్టుకోవచ్చో నేనే కారిడార్‌లో డాక్టర్ గారిని ఆపి అడిగాను. చేతిపని చేసుకునేవాళ్లు ఎవరైనా ముందే అడిగి రాయించుకోండి.

నాకు ముంజేయి పది రోజులు లాగింది. పసుపు పచ్చగా, ఊదాగా కమిలింది. హుక్కులు, హెమ్మింగ్ వారానికే మొదలుపెట్టాను. లైనింగ్ గుడ్డ కత్తిరించడానికి మూడో వారం దాకా ఆగాను. మొన్న చెకప్‌లో నాడి చూసి బాగా కొట్టుకుంటోంది అన్నారు.

జనవరిలో మళ్ళీ యాంజియో, మళ్ళీ కుడి చెయ్యే. సంక్రాంతి బ్లౌజులన్నీ ఇచ్చేశాకే వస్తానని చెప్పాను, సరే అన్నారు.