బయటి రాష్ట్రపు ఎం.ఎల్.టి. డిగ్రీకి సొంత రాష్ట్రంలో నమోదు: నేను పొందిన సేవపై సమీక్ష

కర్ణాటకలో బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివి, ఇంటర్న్‌షిప్ కూడా ముగించుకుని వచ్చాక, సొంత రాష్ట్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా నమోదుకు దరఖాస్తు చేసుకున్నాను. నమోదు సంఖ్య చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నాలాగా బయట చదివివచ్చినవారు ఇదే దారిలో నడవవలసి ఉంటుంది కనుక ఈ సేవ గురించి రాస్తున్నాను.

ఆన్‌లైన్ దరఖాస్తు సులువుగానే పూర్తయింది, రుసుము చెల్లించిన రసీదు వెంటనే వచ్చింది. చిక్కంతా ఒరిజినల్స్ పరిశీలన దగ్గర మొదలైంది. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు ఉంది. డిగ్రీ మార్కుల కార్డులో అదే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మారి పేరు చివర చేరింది. కౌంటరులోని ఉద్యోగి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం వేలితో చూపిస్తూ, "ఈ రెండు పేర్లూ మీవేనని నోటరీ చేయించిన అఫిడవిట్ తీసుకురండమ్మా" అన్నారు. అది తీసుకువెళ్లిన రోజున, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌లో హెమటాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంకు విభాగాలలో పనిచేసిన తేదీలు విడివిడిగా లేవన్నారు. దానికోసం రాత్రి బస్సెక్కి మళ్లీ కాలేజీకి వెళ్లాను. మొదటి రోజునే ఈ రెండూ చెప్పి ఉంటే ఒక ప్రయాణం తప్పేది.

పరిశీలన ఉండకూడదని నేను అనను, ఉండి తీరాలి. రక్తం ఏ గ్రూపుదో తేల్చడానికి గాజు పలక మీద రక్తపు చుక్కలో యాంటీ-ఎ సీరం కలిపి, పలకను మెల్లగా అటూ ఇటూ వంచుతూ కణాలు గుంపుకడుతున్నాయో లేదో చూసే ఆ రెండు నిమిషాలలో పొరబడితే రోగి ప్రాణానికే ముప్పు. చేతిలో ఆ అలవాటు లేకుండా దూరవిద్యలో సంపాదించిన సర్టిఫికెట్‌తో ల్యాబులో నిలబడటం తప్పు. ల్యాబ్ టెక్నీషియన్ వంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపరాదని 2025లో యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆదేశించడం సరైన పనే. అయితే డిగ్రీ అసలుదో కాదో తేల్చుకోవడానికి కార్యాలయం యూనివర్సిటీకి రాసే లేఖ ఎప్పుడు వెళ్లిందో, జవాబు ఎప్పుడు వచ్చిందో అభ్యర్థికి తెలిసే ఏర్పాటు నేను చూసినంతలో లేదు. పదకొండు వారాలపాటు నా దరఖాస్తు ఎదుట "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క మాటే కనిపించింది. ఆ లేఖ సంఖ్య, తేదీ ఒక ఎస్.ఎం.ఎస్.లో పంపితే చాలు, ఆ లోపున కుదిరిన ఉద్యోగానికి గడువు ఎంత అడగాలో మాకు తెలుస్తుంది.

2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చదువుకు కనీస గంటలను నిర్ణయించింది: అనుబంధ ఆరోగ్య నిపుణులకు 2,000, ఆరోగ్య సంరక్షణ నిపుణులకు 3,600. ఈ వృత్తులవారి పేర్లు నమోదుచేసే రాష్ట్ర రిజిస్టర్లతోపాటు కేంద్ర రిజిస్టరు కూడా ఉండాలన్నది. ఆ రిజిస్టర్లు అన్ని రాష్ట్రాలలోనూ సక్రమంగా నడిస్తే, ఒక యూనివర్సిటీ డిగ్రీని ప్రతి అభ్యర్థి విషయంలోనూ మొదటినుంచి తవ్వవలసిన అవసరం తగ్గుతుందని నా నమ్మకం.

కౌంటరు ఉద్యోగుల మర్యాదకు అయిదుకు నాలుగు, సమాచారం ఇవ్వడంలో ఒకటి. కాలేజీ వదిలేముందే విభాగాలవారీ తేదీలతో, విభాగాధిపతి సంతకంతో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ రెండు ప్రతులు తీసుకోండి. పేరులో తేడా ఉంటే అఫిడవిట్ మొదటి రోజే వెంట తీసుకెళ్లండి.