రెండు చెవులతో విన్న ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’

అమెరికన్ హెవీ మెటల్ బృందం మెటాలికా వాళ్ల ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ని నేను పదకొండేళ్లు సగమే విన్నాను. పాటలు సగం అని కాదు. ఎనిమిది పాటలూ విన్నాను, కాకపోతే ఒక్క చెవితో. అన్నయ్య వాడి వాడి నాకు పడేసిన హెడ్‌ఫోన్లలో కుడివైపుది అప్పటికే పోయింది. వైరు మెలిపెట్టి, జాక్ దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటే రెండు క్షణాలు కరకరమని మళ్లీ మూగబోయేది. క్యాసెట్టూ వాడిదే. “ఒక చెవి చాల్లేవే, నువ్వేమన్నా కచేరీ చేస్తావా” అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. నాది కుట్టు పని. ఒక చెవిలో పాట, రెండో చెవిలో మిషను. దారం తెగితే ఆ చప్పుడులోనే తెలిసిపోతుంది, ఎవరైనా తలుపు కొట్టినా వినపడుతుంది.

ఈ మధ్య చెవులు పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు కొనుక్కుని, అదే ఆల్బమ్ ఫోన్లో పెట్టుకుని, మిషను ఆపేసి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. 54 నిమిషాల పైచిలుకు. ఇన్నేళ్లూ నాకు కంఠతా వచ్చనుకున్నది ఇది కాదు. 1986లో వచ్చినదానికి ఇప్పుడు రివ్యూ ఏమిటి అంటారా? నా దగ్గరికి మాత్రం నిన్న మొన్ననే వచ్చింది.

మొదటి పాట ‘బ్యాటరీ’. మామూలు అకూస్టిక్ గిటార్లు మెల్లగా, ఒకదాని మీద ఒకటి చేరుతూ మొదలవుతాయి. తెలియనివాళ్లకి వినిపిస్తే “ఇదేనా నువ్వు చెప్పే హెవీ మెటల్?” అంటారు. అర నిమిషం దాటాక అదే బాణీని ఎలక్ట్రిక్ గిటార్లు అందుకుంటాయి, ఇంకాసేపటికి అసలు పరుగు మొదలవుతుంది. ఒంటి చెవితో వింటున్నప్పుడు నాకది ఉత్త గట్టి చప్పుడు. ఇప్పుడు దానికి వెడల్పు వచ్చింది. ఎడమ చెవి పక్కన ఒక గిటారు, కుడి చెవి పక్కన ఇంకో గిటారు, నడిమధ్య గొంతూ డ్రమ్ములూ. రెండు గోడల మధ్య సందులో నిలబడినట్టుంది.

బృందంలో ఇద్దరు గిటారిస్టులు ఉన్నారు కదా, చెరో పక్కా ఒకరు వాయిస్తున్నారు కాబోలు అనుకున్నాను. కాదు. సోలోలు, అంటే ఒక్క గిటారు ముందుకొచ్చి పాడే భాగాలు, చాలావరకు కిర్క్ హామెట్‌వి. పాట పొడుగునా నడకని మోసే రిథమ్ గిటారు మాత్రం రెండు పక్కలా జేమ్స్ హెట్‌ఫీల్డే. పాడేదీ ఆయనే. ఒకసారి మొత్తం వాయించి రికార్డు చేసి, అదే భాగాన్ని మళ్లీ మొదటి నుంచి వాయించి రెండో పక్కన పెట్టారు. మొదటిదాన్నే కాపీ కొట్టి రెండు పక్కలా పెట్టేస్తే పోలా అంటే, అలా చేస్తే వెడల్పు రాదు. రెండూ అచ్చం ఒకటే అయినప్పుడు చెవికి ఆ శబ్దం మధ్యలోంచే వస్తున్నట్టుంటుంది. మనిషి రెండోసారి వాయించినప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది చూడండి, ఆ తేడా వల్లే గోడలు రెండూ దూరం జరుగుతాయి.

నాకిది ఎందుకంత నచ్చిందో చెప్పాలంటే జీన్స్ ప్యాంటు చూపించాలి. కాలు పక్కన రెండు వరసల కుట్టు ఉంటుంది. జంట సూదుల మిషను ఉన్నవాళ్లు రెండూ ఒకేసారి లాగేస్తారు. నాది ఒంటి సూది, కాలితో తొక్కేది. ఒక వరస కుట్టి, గుడ్డని మళ్లీ మొదటికి తెచ్చి, పాదం అంచుని మొదటి వరసకి ఆనించి రెండోది కుట్టాలి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా రెండో వరస కాస్త అటూ ఇటూ అవుతుంది. అర మిల్లీమీటరు తేడా వరకు అందంగానే ఉంటుంది, అది దాటిందా, ఆమడ దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. ‘బ్యాటరీ’ వేగంలో ఈ మనిషి రెండో వరస కుట్టాడు! అప్పటికి ఆయనకి 22 ఏళ్లు.

రికార్డింగ్ జరిగింది డెన్మార్క్‌లో, కోపెన్‌హాగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో, 1985 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెన్ దగ్గరుండి చేయించాడు. నెలల తరబడి ఏం చేశారా అని ఇదివరకు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను.

రెండోది ఆల్బమ్ పేరున్న పాటే, ఎనిమిదిన్నర నిమిషాలు. మత్తుమందు మనిషిని తోలుబొమ్మలా ఆడించడం గురించి. ఇందులో గిటారు వాయించే పద్ధతి ఒకటి దగ్గరగా చూడాలి. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) పక్కనే తీగల మీద ఆనిస్తారు. తీగ పూర్తిగా మోగకుండా ‘ధుగ్ ధుగ్’మని కుదించినట్టు పలుకుతుంది. ఆ చెయ్యి అలాగే ఆనించి, తీగలు మీటే చిన్న బిళ్ల, పిక్‌తో కిందికి, కిందికి, ఎప్పుడూ కిందికే కొట్టాలి. పైకీ కిందికీ కొడితే చేతికి సగం శ్రమ తగ్గుతుంది. కానీ పైకి కొట్టిన దెబ్బ కాస్త పలచగా పడుతుంది, కింది దెబ్బలన్నీ ఒకే బరువుతో పడతాయి. ఈ పాట వేగంలో లెక్కేస్తే సెకనుకి సుమారు ఏడు దెబ్బలు. పైగా పాడుతూ!

అన్నయ్య గిటారు ఒకటి అటక మీద ఉండేది. దించి, తీగలు మార్పించి, ఈ రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటారు వరసని, సగం వేగంలో ప్రయత్నించాను. రోజంతా కత్తెర పట్టే చెయ్యి కదా, నా మణికట్టు మీద నాకు కాస్త గర్వం ఉండేది. నిమిషం కాకముందే మోచేతి దాకా లాగేసింది. మర్నాడు గుండీలు కుట్టడం మానుకుని కాజాలు మాత్రం కత్తిరించుకున్నాను. హెవీ మెటల్ అనగానే జనం జుట్టు విరబోసుకుని తీగలు మీటే సోలోల మనిషినే ఊహించుకుంటారు. ఈ ఆల్బమ్‌లో నాకు కథానాయకుడు మాత్రం ఈ కుడి చెయ్యే.

ఇదే పాటలో ఒక తిరకాసు ఉంది. పల్లవికి ముందు, మాటలు నడిచే చోట, రిఫ్ మూడు బార్లు, అంటే మూడు తాళం చుట్లు, నాలుగేసి తాళం దెబ్బల లెక్కలో బుద్ధిగా నడుస్తుంది. నాలుగోది పూర్తవకుండానే తెగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. తల ఊపుతూ వింటుంటే అక్కడ మెట్టు తప్పినట్టుంటుంది. నాకైతే తల కాదు, కాలు. పాటకి తగ్గట్టు తొక్కడం అలవాటైపోయి, ఆ చోటికి రాగానే పాదం ఒక్క క్షణం తడబడేది. మిషను బెల్టు వదులైందనుకుని రెండుసార్లు బిగించాను కూడా.

పాట మధ్యలో ఈ గోలంతా ఆగిపోతుంది. శుభ్రమైన గిటారు ఒంటరిగా మోగుతుంది, దాని మీద రెండు గిటార్లు జంటగా పాడతాయి, తర్వాత నెమ్మదైన సోలో. ఇది హెట్‌ఫీల్డ్‌దే. వేగంగా వచ్చే రెండో సోలో హామెట్‌ది. ఆరో నిమిషం దాటాక అందులో ఒక స్వరం కీచుమని విడ్డూరంగా పైకి లేస్తుంది. లాగిన తీగ గిటారు మెడ అంచు మీంచి జారిపోయిందట. పొరపాటే, కానీ బాగుందని ఉంచేశారు. ఊడదీయకుండా వదిలేసిన కుట్టు ఆల్బమ్ మొత్తానికి ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను, ఉంచాల్సిందే.

మూడోది ‘ద థింగ్ దట్ షుడ్ నాట్ బీ’. గిటారు తీగల శ్రుతిని ఒక మెట్టు కిందికి దించి వాయించారు, సముద్రంలోంచి ఏదో లేస్తున్నట్టు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అభిమానులు తిట్టుకున్నా సరే, నాకు ఇది సాగదీసినట్టే ఉంది. ఆరున్నర నిమిషాల్లో రెండు నిమిషాలు కత్తిరించినా ఎక్కడా లోటు తెలియదు. క్యాసెట్ రోజుల్లో దాటించడానికి బద్ధకమేసి వినేదాన్ని, ఇప్పుడు బటన్ నొక్కితే పోతుంది కాబట్టి నొక్కేస్తున్నాను. ‘వెల్‌కమ్ హోమ్’ పిచ్చాసుపత్రిలో బందీ అయినవాడి పాట. మెల్లగా మొదలై ఉగ్రంగా ముగుస్తుంది. ఈ బాణీ అలవాటు లేనివాళ్లు ఆల్బమ్‌ని ఇక్కడ నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

క్యాసెట్ తిప్పాక ‘డిస్పోజబుల్ హీరోస్’. యుద్ధానికి పంపిన కుర్ర సిపాయి గురించి, ఎనిమిది నిమిషాల పైన. ఇది పెట్టుకున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. రెండు గిటార్లూ పరిగెత్తి పరిగెత్తి టక్కున ఆగుతాయి. ఆ ఆగడం వినాలి. ఎడమా కుడీ రెండూ ఒకే క్షణంలో తెగుతాయి. మధ్యలో పలుచని నిశ్శబ్దం, మళ్లీ ఇద్దరూ ఒకేసారి అందుకుంటారు. ఇద్దరు అంటున్నాను చూడండి, ఒక్కడే అని తెలిసి కూడా. ఒంటి చెవి రోజుల్లో ఈ పాట నాకు కేవలం పొడుగు పాట. ఇప్పుడు వరసగా మూడుసార్లు విన్నది ఇదొక్కటే.

‘లెపర్ మెసయ్య’ టీవీ మతబోధకుల మీద వెటకారం. బాగానే ఉంటుంది, మిగతావాటి ఎత్తులో లేదు.

‘ఓరియన్’ దగ్గర ఆగాలి. మాటల్లేవు, ఎనిమిదిన్నర నిమిషాల వాద్యం. బృందంలో బేస్ గిటారు (మందర స్వరాల గిటారు) వాయించే క్లిఫ్ బర్టన్‌దే ఇందులో పెద్దరికం. సగంలో అన్నీ తప్పుకుని బేస్ ఒక్కటే ఊయల ఊగినట్టు ఒక చిన్న వరస అందుకుంటుంది, దాని మీదికి గిటార్లు ఒకటొకటిగా వచ్చి చేరతాయి. ఇన్నాళ్లూ హామెట్ సోలో అనుకున్న ఒకటి రెండు చోట్లు అసలు బర్టన్ బేస్‌వేనట. బేస్‌కి కూడా గిటారులా గరగరలాడే ఎఫెక్టు తగిలించి వాయించాడు. ఆల్బమ్ వచ్చిన ఆరు నెలలకే, 1986 సెప్టెంబరు 27న, స్వీడన్‌లో వీళ్లు ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడి చనిపోయాడు. 24 ఏళ్లు. ఆ తర్వాత ‘ఓరియన్’ని మొదటి నుంచి చివరిదాకా వేదిక మీద వాయించడానికి మెటాలికాకి 2006 దాకా పట్టింది. క్యాసెట్ అట్ట మీద పేర్లు చదివేదాన్నే గానీ ఇవేవీ తెలియవు. ఇప్పుడు తెలిసి వింటుంటే ఆ ఊయల వరస దగ్గర పని సాగదు.

అందుకే నా అసలు ఫిర్యాదు కూడా బేస్ గురించే. అంత గొప్పగా వాయించేవాడిని పెట్టుకుని, ‘ఓరియన్’, చివరి పాట మొదలూ తప్పిస్తే మిగతా చోట్ల బేస్‌ని గిటార్ల కింద పూడ్చేశారు. హెడ్‌ఫోన్లలో చెవి పెట్టి వెతికితే గానీ దొరకదు. ఫోన్ స్పీకర్లో అసలు లేనట్టే. ఆ స్పీకర్లో గిటార్లు కూడా ఇసుక జల్లెడ పట్టినట్టుంటాయి, దయచేసి అలా విని ఈ ఆల్బమ్ మీద తీర్పు చెప్పకండి. సౌండు మరీ పెంచక్కర్లేదు కూడా. దెబ్బ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీ వినపడేంత ఉంటే చాలు.

చివరిది ‘డ్యామేజ్, ఇంక్.’. దూరం నుంచి ఉబ్బుతూ వచ్చే బేస్ అలలతో నిమిషం పైగా ఊరించి, తర్వాత తలుపులు బద్దలుకొట్టి పారిపోతుంది. అప్పట్లో దీనిలో ఏ పాటకీ వీడియో తీయలేదు, రేడియోలూ పెద్దగా వేయలేదు. గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ కచేరీలకి ముందు వాయించుకుంటూ ఊరూరా తిరిగి అమ్ముకున్నారు. అలాంటిదాన్ని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది. ఆ జాబితాకెక్కిన మొదటి మెటల్ ఆల్బమ్ ఇదే.

అన్నయ్యకి ఈ సంగతంతా ఫోన్లో చెప్పాను. “నేను నీకిచ్చేటప్పటికి రెండూ పనిచేసేవే” అని వాదించాడు. అబద్ధం.

మొన్న శనివారం ఒక జీన్స్ రిపేరుకి వచ్చింది, పక్క కుట్టు మొత్తం విప్పి మళ్లీ వేయాలి. మొదటి వరస అయిపోయాక, రెండో వరసకి ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకుని టైటిల్ పాట వేశాను. హెట్‌ఫీల్డ్‌తో పోటీ అన్నమాట. పాట అయ్యాక గుడ్డ తిప్పి చూసుకుంటే రెండో వరస నాలుగు చోట్ల పక్కకి జరిగింది. నాలుగూ ఆ తెగిపోయే బార్ దగ్గరే అయి ఉంటాయి, లెక్క చూడలేదు. ఊడదీసి మళ్లీ కుట్టాను, హెడ్‌ఫోన్లు మేకుకి తగిలించి.