నాలుగేళ్లుగా గ్రాఫైట్ గ్లాండ్ రోప్ వాడుతున్నాను

పాకాల దగ్గర మాకు తోతాపురి తోట ఉంది. బావి మీద 5 హెచ్‌పీ మోటారు, పాత రకం. పంపులోంచి తిరిగే షాఫ్ట్ బయటికి వచ్చే చోట నీళ్లు ఆపేది గ్లాండ్ ప్యాకింగే, అంటే షాఫ్ట్ చుట్టూ ఉన్న గూడులో కూరి నట్లతో బిగించే తాడు. నాలుగేళ్లుగా దాన్ని నేనే మార్చుకుంటున్నాను. వాడేది 8 ఎంఎం నల్ల గ్రాఫైట్ నూలు రోప్. సముద్రం బోట్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట కూడా ఇలాగే తాడు కూరుతారు.

ముందు నా పొరపాటు చెప్తాను. మొదటిసారి కొత్త రోప్ వేశాక కూడా చుక్కలు పడుతున్నాయని నట్లు గట్టిగా బిగించేశాను. కారడం ఆగింది. అరగంటకల్లా మాడిన వాసన. విప్పి చూస్తే రోప్ కాలిపోయింది, షాఫ్ట్‌కు తొడిగిన స్లీవ్ (తొడుగు) మీద గోరు దిగేంత గాడి. స్లీవ్ మార్చేదాకా రెండు రోజులు తోటకు నీళ్లు లేవు. "కారేది కారనీరా, షాఫ్టు చల్లగా ఉండేది దాంతోనే" అన్నాడు మా నాయన.

స్టార్టర్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే గ్లాండ్ మీద చెయ్యి పెట్టండి. పాత రోప్ మొత్తం తీయాలి. పాతదాని మీదే ఒక చుట్టు వేసి సరిపెడతారు చాలామంది. అడుగున గట్టిపడినది అలాగే ఉండిపోతుంది, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. నేను సన్నటి స్క్రూను రోప్‌లోకి తిప్పి, పట్టకారుతో లాగుతాను. స్క్రూడ్రైవర్‌తో కెలికితే స్లీవ్ గీసుకుపోతుంది. సైజు కోసం పాత ముక్కను కొలవకండి, అది నలిగి సన్నబడి ఉంటుంది. షాఫ్ట్‌కూ గూడు గోడకూ మధ్య సందునే కొలవాలి.

షాఫ్ట్ అంత లావు పైపు మీద రోప్ చుట్టి ఏటవాలుగా కోస్తే ముక్కలన్నీ ఒకే కొలతకు వస్తాయి. మా పంపుకు నాలుగు పడతాయి. అతుకులు ఒకదాని వెనక ఒకటి రాకూడదు: మొదటిది పైకి, రెండోది కుడికి, మూడోది కిందికి, నాలుగోది ఎడమకు. నట్లు వేళ్లతోనే తిప్పి మోటారు వేసేస్తాను. మొదట్లో ధారగానే కారుతుంది, కంగారుపడొద్దు. పది నిమిషాలకోసారి రెండు నట్లనూ సమానంగా, కొద్దికొద్దిగా బిగిస్తూ ధార చుక్కలుగా మారేదాకా వస్తాను. గ్లాండ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే వదులు చేయాలి.

మరీ వదులుగా ఉన్నా తిప్పలే. ఒక వేసవిలో రోజూ పొద్దున ప్రైమింగ్ పోయేది, అంటే పంపులో నిలవాల్సిన నీళ్లు దిగిపోయేవి. ఫుట్‌వాల్వ్ (పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) పాడైందనుకుని బావిలోకి మనిషిని దించాం. తీరా చూస్తే రాత్రిళ్లు మోటారు ఆగాక గాలి లోపలికి పోయేది గ్లాండ్‌లోంచే.

తెల్ల టెఫ్లాన్ రోప్ కూడా ఒకసారి వేశాను. ధర ఎక్కువ, పైగా వేడిని త్వరగా బయటికి పోనివ్వదు, బిగింపు కాస్త ఎక్కువైనా టెన్షనే. మెకానికల్ సీల్ (తాడు బదులు, ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని నీళ్లు ఆపే రెండు రింగులు) అయితే కారదు. కానీ మా బావి నీళ్లలో ఇసుక ఉంది, దాని ముఖాలు గీసుకుపోతే పంపు విప్పి సీల్ మొత్తం మార్చాలి. గ్రాఫైట్ రోప్ నాకు ఏడాదికి అటూ ఇటూగా వస్తోంది, మార్చడానికి ఒక పూట చాలు. ఈ వేసవికి కూడా రెండు మీటర్లు తెచ్చి, ఇసుక అంటకుండా కవర్లో చుట్టి స్టార్టర్ పెట్టె పైన పెట్టుకున్నాను.